కింద ఇజ్జా పేరు

ఆగండి. మిల్లు గేటు దాటి షిఫ్టు దిగి వస్తున్న అన్నా, హాస్టల్ మెట్ల మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఫోను చూసుకుంటున్న చెల్లీ, ఆగండి. ఈ బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది. ఈ కథ పోతే మళ్ళీ చెప్పేవాడు దొరకడు. ఎందుకంటే ఇందులో ఉన్న పాట మీద కేసుంది. పాట మీద కేసేంటని నవ్వకండి. కూర్చుని వినండి. నవ్వాలో పళ్ళు కొరకాలో చివర్లో మీరే చెబుదురు.

అగాదిర్ అనే రేవుపట్నం నుంచి సముద్రం పక్కనే పైకి పోయే రోడ్డు కొండల్లోకి మలుపు తిరిగే చోట ఇమిన్ తలాత్ అనే ఊరు. ఊరి మొదట్లో తెల్లసున్నం కొట్టిన పెద్ద భవనం. దాని మీద మూడు భాషల్లో బోర్డు: ఇమిన్ తలాత్ మహిళల అర్గాన్ నూనె సహకార సంఘం. మహిళల సంఘమట! ఆ సంఘం తాళంచెవి ఒక్కరోజు కూడా ఏ మహిళ కొంగునా వేలాడలేదు. అది ఊరి షావుకారు హాజ్ బుజమా జేబులో ఉంటుంది. భవనం హాజ్‌ది, మర హాజ్‌ది, సీసాలు హాజ్‌వి. బోర్డు మీద బొమ్మ మాత్రం ఆడదానిది.

లోపల పొడవాటి హాలు. హాలు మధ్యలో గాజుగోడ. గోడకి ఇవతల టూరిస్టులు. అవతల ఇరవై పైచిలుకు ఆడవాళ్ళు చాపల మీద కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుని కాయలు కొడుతుంటారు. ఒళ్ళో ఒక బల్లపరుపు రాయి. దాని మీద కాయని రెండు వేళ్ళతో నిలబెట్టి కుడిచేతి రాయితో ఒక్క దెబ్బ. అర్గాన్ పెంకు మామూలు పెంకు కాదు, ఇనుము. దెబ్బ కాస్త అటో ఇటో పడితే కాయకి బదులు వేలు పగులుతుంది. పగిలిన కాయలోంచి వచ్చే పప్పు నూనెవుతుంది. ఆ నూనె ఎక్కడో ఎవరి బుగ్గల్నో మెత్తగా చేస్తుంది. కొట్టినవాళ్ళ చేతులు మాత్రం ఉప్పుకాగితంలా మిగిలిపోతాయి.

గాజుగోడకి ఇవతల నిలబడి టూరిస్టులకి ఫ్రెంచిలో అన్నీ వివరించే పిల్ల పేరు తిలీలా. ఆ ఊరి పిల్లే. అగాదిర్ యూనివర్సిటీలో సాహిత్యం చదువుతోంది. రచయిత్రి అవ్వాలని పిచ్చి. సెలవుల్లో ఇంటికొస్తే హాజ్ మేనేజరు మునీర్ పిలిచి పని ఇచ్చాడు. మునీర్ కాసాబ్లాంకా మనిషి. కొండ భాష ఒక్క ముక్క రాదు. కాబట్టి ఆడవాళ్ళు పాడేదానికి అర్థం చెప్పాల్సింది తిలీలాయే. పాడే వరసలో రెండో చాప మీద కూర్చునేది తిలీలా కన్నతల్లి తమూ. అంటే తల్లి పాడాలి, కూతురు దాన్ని అమ్మాలి. ఆ ఏర్పాటు మునీర్‌కి తెగ నచ్చింది.

ఆ రోజు రెండు బస్సులు ఒకేసారి వచ్చాయి.

"చేతులు ఆడాలి! మొహాలు అలా వేలాడేసుకోకండి, ఎవరైనా చచ్చారా? నవ్వండి!" మునీర్ గాజుతలుపు సందులోంచి అరబ్బీలో అరిచాడు.

వరస చివర కొత్తగా పెళ్ళై వచ్చిన ఫాద్మా కంగారుపడింది. వేలు చితికిన చప్పుడు కాయ పగిలిన చప్పుడులాగే ఉంటుంది. అందుకే ముందు ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత కేక వినబడింది. ఎడమచేతి చూపుడువేలు. గోరు లేదు, కొస లేదు. పప్పుల బుట్టలోకి నెత్తురు కారుతోంది.

మునీర్ లోపలికి పరిగెత్తాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి కాదు.

"లాగండి దీన్ని అవతలికి! పెంకులగుట్ట వెనక కూర్చోబెట్టండి! వాళ్ళు చూస్తున్నారు! బుట్ట తీసెయ్యండి! మిగతావాళ్ళు పాడండి. గట్టిగా పాడండి, ఇది ఏడ్చేది వినబడకూడదు!"

రాళ్ళు ఆగిపోయాయి. తర్వాత మూడో చాప మీంచి ఇజ్జా గొంతు లేచింది. ఇజ్జా అందరికంటే పెద్దది. పళ్ళు సగం ఊడిపోయాయి కానీ గొంతు ఒక్క చోట కూడా పగల్లేదు.

*మేక చెట్టెక్కి పండు తింటే గింజైనా ఉమ్మేస్తుందే*
*హాజ్ చెట్టెక్కి కూర్చుంటేనో గింజతో సహా మింగేస్తాడే!*

అర్గాన్ చెట్లెక్కే మేకల్ని చూసి పెరిగిన ఊరది. మరుక్షణం ఇరవై గొంతులు అందుకున్నాయి. రాళ్ళు తాళం వేశాయి. ఇజ్జా ఆగలేదు.

*ఫాద్మా వేలు చితికితేను రాయికి నెత్తురంటిందే*
*రాయికున్నపాటి సిగ్గు లేదే, నీ చేతికి నూనే అంటిందే!*

మునీర్ గాజు ఇవతలికి వచ్చి తలాడిస్తూ నవ్వుతున్నాడు. ఎంత చక్కగా పాడుతున్నారో అన్నట్టు! పెద్ద టోపీ పెట్టుకున్న ఒకావిడ తిలీలా భుజం తట్టింది. ఏం పాడుతున్నారు, ఎంత బలంగా పాడుతున్నారు అనడిగింది. మునీర్ తిలీలా మొహం వైపు చూశాడు.

తిలీలా ఆ చూపు తప్పించుకుంది. రోజూ చెప్పే ముక్కే నోట్లోంచి జారింది.

"మీకు స్వాగతం చెబుతున్నారు మేడమ్."

అందరూ చప్పట్లు కొట్టారు. గాజు అవతల్నించి తమూ కూతుర్ని చూసింది. తమూకి ఫ్రెంచి రాదు. కానీ ఆ పాటకి చప్పట్లు కొట్టారంటే కూతురు ఏం చెప్పి ఉంటుందో అర్థం చేసుకోవడానికి ఫ్రెంచి అక్కర్లేదు. ఆమె తల దించుకుని కాయ కొట్టింది.

పని ముగిశాక మునీర్ ఫాద్మాని పిలిచాడు. చేతికి ఎవరిదో తలగుడ్డ చించి కట్టారు. "రేపట్నించి రావద్దు. కట్టు కట్టిన చెయ్యి గాజు వెనక అసహ్యంగా ఉంటుంది. మానితే అప్పుడు చూద్దాం."

మానితే! లేని కొస మళ్ళీ మొలిస్తే!

తిలీలా ఇంటికెళ్ళి టీ కూడా ముట్టకుండా మిద్దెక్కింది. పొద్దు ఇంకా వాలలేదు. సంఘం పేజీ కోసం రోజూ వీడియో తియ్యమని మునీరే చెప్పిపెట్టాడు, ఆ రోజు తీసింది ఫోనులో ఉంది. చూసింది. కేక దగ్గర్నించి చప్పట్ల దాకా. తన గొంతే చెబుతోంది, స్వాగతం చెబుతున్నారు మేడమ్ అని. తనని తాను చెంప పగలగొట్టుకోవాలనిపించింది. అక్కడే కూర్చుని రాసింది. పాటని అరబ్బీలోకి, ఫ్రెంచిలోకి మార్చింది. హాజ్ హాజే. మింగడం మింగడమే. ఒక్క మాటకీ తేనె పుయ్యలేదు. రాయడం అంటే ఇదా, ఇన్నాళ్ళూ నేను రాసిన చంద్రుడూ సముద్రమూ ఏంటి మరి అనుకుంది.

చివర్లో ఆగింది. కట్టినవాళ్ళ పేరుండాలి కదా? పేరు లేని రచన తండ్రి లేని బిడ్డలాంటిదని క్లాసులో చెప్పారు. నిరక్షరాస్య స్త్రీల పాటల్ని దోచుకున్న పెద్దమనుషుల గురించి ఆవేశంగా వ్యాసం కూడా రాసింది ఒకసారి. అందుకే గౌరవంగా కింద పెట్టింది: కట్టినది ఇజ్జా, ఉబెల్లా కూతురు, ఇమిన్ తలాత్.

సిగ్గేసి తన గొంతున్న ముక్క కత్తిరించి, వీడియోతో సహా స్నేహితులతో కలిసి నడిపే 'కొండ గొంతు' అనే పేజీలో పెట్టేసింది. ఆ పేజీ ఎవరిదో ఎవరికీ తెలియదు, హాలు నిండా ఫోన్లెత్తిన టూరిస్టులే కాబట్టి వీడియో తీసిందెవరో కూడా తెలియదు.

తెల్లారేసరికి దేశం మొత్తం చూసింది. మేకల బొమ్మలకి హాజ్ టోపీలు పెట్టి కాసాబ్లాంకా కుర్రాళ్ళు ఆటాడుకుంటున్నారు. తిలీలా ఫోను పట్టుకుని ఇజ్జా ఇంటికి పరిగెత్తింది. ముసల్ది గుమ్మంలో కూర్చుని బార్లీ రొట్టె నూనెలో ముంచుకుని తింటోంది.

"పెద్దమ్మా! నీ పాట లక్షల మంది విన్నారు! ఇదిగో, నీ పేరు కూడా పెట్టాను!"

"నా పేరా? ఏదీ?"

"ఇదిగో, ఇదే ఇజ్జా."

ముసల్ది రొట్టె పక్కన పెట్టి కళ్ళు చికిలించింది. "ఇదేనా? ఇంత చిన్నదా? చీమలా ఉందేంటే?"

తిలీలా నవ్వి రెండు వేళ్ళతో తెర మీద పేరుని సాగదీసింది. పేరు తెర మొత్తం నిండింది. ఇజ్జా నూనె వేలితో దాని మీద మెల్లగా రుద్దింది, పిల్లి వీపు నిమిరినట్టు.

"బతికున్నన్నాళ్ళూ మా ఆయన నన్ను ఏయ్ అనే పిలిచాడు. అత్తగారు ఒసేయ్ అనింది. హాజ్ గుమాస్తాకి నేను మూడో చాప." పేరుని ఇంకోసారి నిమిరింది. "బావుందే పేరు. ఇన్నాళ్ళూ నేను చూడనేలేదు."

అప్పుడే పక్కింటి రఖియా వచ్చింది. వరసలో గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. విషయం విని నెత్తి కొట్టుకుంది.

"దీని పేరు పెట్టావా? నీకు బుద్ధుందా పిల్లా? పాట ఎవరు కట్టారంటే మనూళ్ళో ఏమంటారు?"

తిలీలాకి తెలుసు. ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. పాట ఎవరు కట్టారే అంటే, మేకనడుగు అంటారు. అత్తల్ని తిట్టిన కోడళ్ళ పాటలు, మొగుళ్ళ గుట్టు విప్పిన పెళ్ళాల పాటలు, పన్నుల వాళ్ళ మీసాలు గొరిగిన పాటలు, అన్నీ మేకలే కట్టాయి. ఒకరు ఎత్తుకుంటారు, వరస అందుకుంటుంది. అందుకున్నాక అది ఎవరిదీ కాదు. అడగడమే తప్పు.

"కానీ అలా అని కట్టినవాళ్ళకి పేరే లేకుండా పోవాలా రఖియా అత్తా?"

"పేరు లేకపోబట్టే ఇన్ని తరాలు పాడాం, ఒక్క పీకా తెగలేదు! నువ్వు పేరు పెట్టి వాళ్ళకి పీక చూపించావు." రఖియా ఫోను లాక్కుని అటూ ఇటూ తిప్పింది. "సరే, ముసల్దాని పేరుంది. రాసిందానివి నువ్వు కదా? నీ పేరేదే?"

"నేను... నేను ఉత్త అనువాదమే కదా అత్తా."

"ఓహో! గౌరవం దీనికి, చాటు నీకు. బావుందమ్మా నీ సాహిత్యం!"

తిలీలా ఫోను తిరిగి తీసుకుని పేజీ అంతా జరిపి చూసింది. నిజమే. పేజీలో ఎక్కడా తన పేరు లేదు. నిన్న సాయంత్రం అది వినయం అనుకుంది. రఖియా నోట్లోంచి వచ్చాక గానీ దాని అసలు పేరు తెలియలేదు.

ఎండ ఎక్కకముందే పోలీసు జీపు వచ్చింది. ఇజ్జా చెప్పులు వేసుకునే దాకా కూడా ఆగకుండా ఎక్కించుకుపోయారు. గౌరవనీయుడైన హాజ్ బుజమా గారి పరువు తీసిందట. పరువు! చితికిన వేలికి కేసు లేదు, చితికిందని పాడితే కేసు!

ఆడవాళ్ళు సంఘం పెరట్లో పెంకులగుట్ట దగ్గర గుమిగూడారు. అప్పటికే బస్సులకి టైమైంది. మునీర్ లోపలికి రమ్మని చప్పట్లు కొడుతున్నాడు, కోళ్ళని పిలిచినట్టు.

"పోనీ లోపలికెళ్దాం. మనం మానేస్తే రేపు పొయ్యిలో ఏం పెడతాం?" ఒకామె అంది.

"ఇవాళ ఇజ్జా పోయింది. రేపు దగ్గినా కేసు పెడతాడు. వెళ్ళి గాజు వెనక పళ్ళికిలించు, పో!" రఖియా అరిచింది.

"నా వేలికోసమే కదా ఇదంతా" అని ఫాద్మా ఏడుపు మొదలెట్టింది. "నేనే వెళ్ళి హాజ్ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో. తొమ్మిది వేళ్ళతో పట్టు సరిగ్గా దొరకదు, జారిపోతావు" అంది రఖియా.

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వేశారు. ఆ నవ్వులోనే ఏదో తెగింది. భయం అనుకుంటా.

"నేను వెళ్ళి చెప్పేస్తాను, పెట్టింది నేనేనని" అంది తిలీలా.

"చెప్పి? నువ్వూ లోపల, అదీ లోపల. నోర్మూసుకుని మా వెంట రా. ఠాణాలో రాయడం చదవడం వస్తే కాస్త పనికొస్తావు." రఖియా వరస వైపు తిరిగింది. "అందరిదీ ఒకటే మాట. ఎవరు కట్టారు? మేక. ఇజ్జా కూడా అదే అంటుంది. అంతే. రాళ్ళు తీసుకోండి."

"రాళ్ళతో కొడతామా ఏంటే?" తమూ అడిగింది.

"కాయలు కొడతాం తల్లీ! మన పని మనం చేసుకుంటాం. ఎక్కడ కూర్చుని చేస్తామనేది మనిష్టం."

ఆ రోజు టూరిస్టులు గాజుగోడ ముందు నిలబడి ఖాళీ చాపలకి ఫోటోలు తీసుకున్నారు.

ఠాణా గోడ వెంబడి ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని బారుగా కూర్చున్నారు. ఒళ్ళో రాళ్ళు. కాయలు ఉన్నవాళ్ళు కాయ మీద, లేనివాళ్ళు ఉత్త రాయి మీద. టక్, టక్, టక్. ఇరవై రాళ్ళ చప్పుడు లోపలి గోడల్లోకి పోయి తిరిగొస్తోంది. ఠాణా పెద్ద తల పట్టుకుని బయటికొచ్చాడు. ఫెస్ నగరం మనిషి, వచ్చి నాలుగు నెలలు కాలేదు. వెనకాలే హమ్మూ. హమ్మూ ఊరి ముఖద్దమ్, సర్కారు చెవి. ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో గొడవ, అన్నీ పైకి మోసేది అతనే. కొండ భాషని అరబ్బీలో చెప్పడం కూడా అతని పనే.

"ఈ పాట ఎవరు కట్టారో అడుగు."

హమ్మూ అడిగాడు. వరస మొత్తం ఒక్క నోటితో: "మేక!"

హమ్మూ గొణిగాడు. ఠాణా పెద్ద భృకుటి ముడిచాడు. "ఏ మేక?"

"హాజ్ గారి మేకే అయ్యా, తిండి సరిగ్గా పెట్టడు, అందుకే తిట్టింది!" వరసలోంచి ఒకామె అంది.

"నోళ్ళు ముయ్యండి! ముసల్దాన్ని తీసుకురండి!"

ఇజ్జాని గుమ్మంలోకి తెచ్చారు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఠాణా పెద్ద కాస్త మెత్తబడ్డాడు. ఎండ, చప్పుడు, పైనించి హాజ్ ఫోన్లు. ఈ గొడవ వదిలించుకోవాలని ఉంది అతనికి.

"చూడమ్మా. నువ్వు కట్టలేదు, ఎవడో ఊరూ పేరూ లేనివాడు నీ పేరు వాడుకున్నాడు. అంతేనా? ఇక్కడ వేలిముద్ర వేసి ఇంటికి పో. ఆ పేజీవాడెవడో మేం పట్టుకుంటాం."

రఖియా గాలి పీల్చుకుంది. తిలీలా ఇజ్జా బొటనవేలినే చూస్తోంది. వేసెయ్ పెద్దమ్మా. వద్దు పెద్దమ్మా. రెండూ ఒకేసారి అనుకుంది.

ఇజ్జా కాగితాన్ని చూసింది. వరసని చూసింది. తిలీలా వైపు మాత్రం చూడలేదు, చూస్తే ఆ పిల్ల దొరికిపోతుందని.

"నేనే కట్టాను" అంది.

"ఇజ్జా!" రఖియా అరిచింది. "మేకే! మేకని చెప్పవే!"

"అరవై ఏళ్ళు మేక పేరు చెప్పానే రఖియా. ఇక మేకకి కూడా విసుగొస్తుంది." ఠాణా పెద్ద వైపు తిరిగింది. "నేనే కట్టానయ్యా. ఎవరో నా పేరు రాశారు. అది రాసినవాళ్ళు రోజూ అబద్ధం చెప్పి బతికేవాళ్ళో ఏమో నాకు తెలీదు. కానీ ఆ ఒక్క ముక్కా నిజం రాశారు. ఇప్పుడు నేను కాదంటే అది కూడా అబద్ధమైపోదూ? నా నోటితో నేను దాన్ని చంపనా? నువ్వయితే చంపుతావా?"

హమ్మూ అనువాదం చేశాడు. ఠాణా పెద్ద కాగితం మడిచాడు. "అయితే లోపలే ఉండు."

లోపలికి లాక్కెళ్తుంటే ఇజ్జా కాలు గడపకి తట్టుకుంది. చప్పుడు మొత్తం ఆగిపోయింది. మేకని ముందుకి తోసి తరతరాలుగా దాక్కున్న ఆడవాళ్ళు, ఆ మేకే పక్కకి తప్పుకుంటే ఒక్కసారి ఎండలో నిలబడ్డట్టయింది. రఖియా మొహం ఎర్రగా కందిపోయింది. ఇజ్జా మీద కోపమో, తన మీద కోపమో. లేచింది. రాయి చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచింది.

"అయ్యా! అది దానిది. ఒప్పుకుంటున్నా, దానిదే. నాది వేరే ఉంది. అది కూడా రాసుకో. పేరు రఖియా, హద్దూ కూతుర్ని."

*దొరసాని బుగ్గ మెత్తన, నూనె పుణ్యమే తల్లీ*
*నా అరచేత్తో నిమిరితేనో గాజుగోడే గీరుకుంటాదే!*

వెనక వరస అందుకోబోయింది. రఖియా చెయ్యెత్తి ఆపింది. "ఊహూఁ. ఇవాళ అందుకోకండి. ఎవరిది వాళ్ళు కట్టండి. ఎవరి పేరు వాళ్ళు చెప్పండి. ఒక్క ఇజ్జానేగా లోపలేశారు? ఎన్ని గదులున్నాయో చూద్దాం!"

హమ్మూ చెమటలు తుడుచుకుంటూ అనువాదం చేస్తున్నాడు. ఇంతలో కర్ర టకటకలాడిస్తూ ఇంకో ముసల్ది ముందుకొచ్చింది. హమ్మూ గొంతు ఠక్కున ఆగిపోయింది. వాళ్ళమ్మ.

"అమ్మా, నువ్వెందుకొచ్చావే ఇక్కడికి! ఇంటికి పో!"

"నువ్వు నీ పని చెయ్యరా, నేను నా పని చేస్తా. సరిగ్గా తిప్పి చెప్పు."

*కొడుకును కంటే సంబరపడితి, కొండంత అండనుకుంటినే*
*హాజ్ గుమ్మాన మొరిగే కుక్కకి పాలిచ్చి పెంచితినే!*

వరస వరసంతా పడీ పడీ నవ్వింది. ఠాణా పెద్ద అడిగాడు: "ఏమంది? ఏమంది చెప్పు!" హమ్మూ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. జ్వరం వచ్చినట్టుంది సార్ అని చెప్పి వెనక గుమ్మంలోంచి పారిపోయాడు. నిజంగా పారిపోయాడు, ఒక చెప్పు అక్కడే వదిలేసి. ఆ చెప్పుని ఫాద్మా కాలితో లోపలికి తోసింది, "ఇజ్జాకియ్యండి" అంటూ.

అదే సమయానికి మునీర్ రొప్పుకుంటూ వచ్చాడు. "సార్, ఇంకో బస్సు వస్తోంది సార్! వీళ్ళని పంపించండి! ఫాద్మాని కూడా తీసుకుంటాం, చేతికి తెల్ల గ్లౌజు తొడుగుతాం, ఏమీ కనబడదు!"

ఫాద్మా ఏడుపు మర్చిపోయింది. కట్టు విప్పింది. అక్కడే, అందరి ముందూ. నల్లగా చితికిన మొండివేలిని మునీర్ మొహానికి ఎదురుగా చాచింది.

*వేలు చితికితే దాచమన్నావు పెంకులగుట్ట చాటున*
*ఆ వేలే చాపి చూపిస్తున్నా, దొంగెవడంటే అడుగోనే!*

"ఫాద్మా! బుహూ కూతుర్ని! రాసుకో అయ్యా!"

రాసుకోండి రాసుకోండి అని అందరూ లేచారు. ఠాణా పెద్ద బల్ల మీద గుద్దాడు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు అతనికి. కళ్ళు వరస వెంట తిరిగి తిలీలా దగ్గర ఆగాయి.

"నువ్వు. సంఘంలో ఫ్రెంచి చెప్పే పిల్లవి కదా? రా, కూర్చో."

బల్లని గుమ్మంలోకి జరిపించాడు. తెల్లకాగితాలు ఆమె ముందుకి తోశాడు. గొంతు తగ్గించి, దాదాపు జాలిగా మాట్లాడాడు.

"విను. పేరు, తండ్రి పేరు, ఏమందో ఉన్నదున్నట్టు అరబ్బీలో రాయాలి. రాస్తే ప్రతి ఒక్కరి మీదా కేసే. అనువాదం చేసినవాళ్ళు కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టాక నువ్వెవరు, ఆ పేజీకీ నీకూ ఏంటి సంబంధం అని అడక్క తప్పదు నాకు. యూనివర్సిటీ సంగతి ఇక మర్చిపో. లేదంటే లేచి ఇంటికి పో. వీళ్ళు ఏదో కూని రాగాలు తీశారు, నాకు అర్థం కాలేదు, అంతే. ఇంటికి పంపేస్తాను. ముసల్ది ఒక్కతే ఉంటుంది. ముసల్దానికి జడ్జి కూడా పెద్దగా వెయ్యడులే."

తిలీలా కలం పట్టుకుంది. వరస వైపు తిరిగి అతను చెప్పిందంతా కొండ భాషలో చెప్పింది. ఒక్క మాట దాచకుండా. కేసు, జైలు, ఒంటరి ఇజ్జా, అన్నీ.

"అత్తా, నేను రాస్తే మిమ్మల్నందర్నీ నేనే పట్టించినట్టవుతుంది."

"నిన్న అడక్కుండా రాశావు. ఇవాళ అడుగుతున్నావు. నేర్చుకున్నావే!" రఖియా అంది. ఆ మాటలో తిట్టు లేదు. "రాయవే. చక్కగా రాయి. నా తండ్రి పేరు హద్దూ. తప్పు రాశావో చంపుతా."

రాసింది. రఖియాది రాసింది. హమ్మూ తల్లిది రాసింది. కుక్క అన్న మాటని కుక్క అనే రాసింది. ఫాద్మాది రాసింది. దొంగ అన్న మాట దగ్గర ఠాణా పెద్ద కనుబొమలెత్తాడు, ఆమె కొట్టెయ్యలేదు. ఒక్కొక్కరే వచ్చారు. కొందరివి పాటలు కానే కావు, ఉత్త తిట్లు. ఒకామె హాజ్ ఏడు తరాల్నీ వరసపెట్టి కడిగింది. ఇంకొకామె పేరు చెప్పి, నోట మాట రాక, రాయితో బల్ల మీద గట్టిగా ఒక్కటి కొట్టి వెళ్ళింది. తిలీలా అది కూడా రాసింది: పేరు చెప్పి, బల్ల మీద కొట్టెను.

చివరికి తమూ వచ్చింది.

తమూ జీవితంలో ఎప్పుడూ పాట ఎత్తుకోలేదు. అందుకోవడమే తెలుసు. బల్ల ముందు నిలబడి తలగుడ్డ సర్దుకుంది. కూతుర్ని చూసి కాదు, కాగితాన్ని చూసి మాట్లాడింది.

"నాకు పాటలు రావు. ఇప్పుడే కడుతున్నా. కాస్త ఆగండి."

అందరూ ఆగారు. మునీర్ కూడా. తమూ వేలి కణుపుతో బల్ల మీద మెల్లగా తాళం వేసుకుంది, కాయ నిలబెట్టి గురి చూసుకున్నట్టు. పెదాలు కదిలాయి, ఆగాయి, కదిలాయి.

*కూతురి నోట్లో నా పాటంతా తేనె పూసుకుని పోయేదే*
*ఈ పూటన్నా చేదుగానే ఉన్నదున్నట్టు రాయాలే!*

"పేరు తమూ. నా తండ్రి పేరు నీకు తెలుసు. నా కూతురి పేరు కూడా వాళ్ళకి తెలియాలి" అని వెళ్ళి వరసలో తన చోట కూర్చుంది.

తిలీలా రాసింది. అక్షరాలు కనబడ్డం లేదు, నీళ్ళు అడ్డం వస్తున్నాయి, అయినా రాసింది. ఠాణా పెద్ద కాగితాలన్నీ సర్ది ఆఖరి కాగితం అడుగున వేలు పెట్టాడు. అక్కడ ఖాళీ ఉంది.

"ఇక్కడ. లేదంటే చించేస్తాను, అందరూ ఇళ్ళకి పోవచ్చు."

రఖియా రాయి ఎత్తింది. కొట్టింది. టక్. ఫాద్మా కుడిచేత్తో అందుకుంది. తమూ అందుకుంది. గోడ వెంబడి ఇరవై రాళ్ళు, ఈసారి వాటి మధ్య కాయలు లేవు. ఊరి మలుపులో మగవాళ్ళు దుకాణాలు మూసుకుని రావడం కనిపిస్తోంది. అవతల రోడ్డు మీద బస్సు ఆగింది, లోపలున్నవాళ్ళు కిటికీ అద్దాలకి మొహాలు ఆనించి చూస్తున్నారు. ఏం జరుగుతోందో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. ఠాణా లోపల్నించి, కమ్మీల వెనక నుంచి, ఎక్కడా పగలని ఆ గొంతు వినబడింది.

"పెద్దగా రాయవే తల్లీ! చీమంత రాయకు! ఇక్కడికి కనబడాలి!"

కలం ఆమె చేతిలో ఉంది. చదువు ఉంది, రేపు ఉంది, భయం ఉంది. కాగితం నిండా ఆడవాళ్ళు ఉన్నారు. కింద మాత్రం ఒక పేరుకి సరిపడా చోటు ఖాళీగా ఉంది.

మిల్లు గేటు దగ్గర ఆగిన అన్నా, మెట్ల మీద కూర్చున్న చెల్లీ, ఆ కుర్చీలో ఇప్పుడు మీరున్నారు. రాళ్ళ చప్పుడు వినబడుతోంది కదా? చెప్పండి, కింద ఏ పేరు రాస్తారు?